ముందే చెప్పేవాళ్లు

మా రోజుల్లో మా ఊరు అత్వెల్లిలో పిల్లలకు క్రికెట్ మ్యాచ్ ముందురోజు సాయంత్రమే తెలిసేది, ఎవరు ఎన్నో నంబర్లో దిగాలో. కెప్టెన్ ఇంటిదాకా వచ్చి, "రేపు నువ్వు కింద ఆడాలిరా, పైన వాణ్ని దించుతున్నా" అనేవాడు. కోపమొస్తే గడపలోనే కొట్లాడేవాళ్లం. పొద్దున్నకు మనసు కుదుటపడేది. ఇప్పుడు హైవే పక్క నెట్లు కట్టిన టర్ఫులో గంటకింతని కట్టి ఆడుతున్నారు. జట్టు వాట్సాప్‌లో పడుతుంది. పేరు లేనివాడికి ఎందుకు లేదో చెప్పే నాథుడు లేడు.

అమెరికాలో ఉన్న మనవడు కంప్యూటర్లో 'ఔట్ ఆఫ్ ది పార్క్' అనే బేస్‌బాల్ ఆట ఆడతాడు. బ్యాటూ బంతీ పట్టేది లేదు, జట్టును నడపడమే. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌ని తీసి, తర్వాత వచ్చేవాళ్లలో కూర్చోబెడితే వాడు అలుగుతాడట. "జట్టు గెలుస్తున్నా సరే తాతా, తనకు రావాల్సిన చోటు రాలేదని వాడి బాధ" అన్నాడు. తెరమీది బొమ్మకు కూడా మనసుంటుందని లెక్కేసి ఆ ఆట తయారుచేశారు. మన సెలెక్టర్లకు ఆ మాత్రం పట్టింపు లేకపోయె!

మన వీవీఎస్ లక్ష్మణ్‌నే చూడండి. మిడిలార్డర్ ఆటగాణ్ని తీసుకెళ్లి ఓపెనర్‌ను చేశారు. 2000 జనవరిలో సిడ్నీలో 167 కొట్టాడు, అయినా ఆ చోటు తనది కాదని అతనికి తెలుసు. ఇక ఓపెనింగ్ చేయనని తేల్చి చెప్పాడు. ఎంత ధైర్యం కావాలి దానికి! 2001 మార్చిలో ఈడెన్‌లో ఆరో నంబర్లో 59 చేసి ఆఖరి వికెట్‌గా వెనక్కొచ్చాడు. ఫాలోఆన్ పడింది. కోచ్ జాన్ రైట్ ప్యాడ్లు విప్పొద్దన్నాడు, మూడో నంబర్లో నువ్వే వెళ్లాలన్నాడు. అప్పుడూ చోటు మార్చారు. కానీ నీమీద నమ్మకంతో పంపుతున్నామని మొహం మీదే చెప్పి మార్చారు. 281 పరుగులు వచ్చాయి.

అంబటి రాయుడికి ఏం జరిగింది? 2018 అక్టోబర్లో నాలుగో నంబర్ నీదేనన్నట్టు కెప్టెన్ కోహ్లీ అందరి ముందూ చెప్పాడు. 2019 ఏప్రిల్లో ప్రపంచకప్ జట్టులో పేరు లేదు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడని విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. అతను గాయపడితే, అప్పటిదాకా ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జూలైలో రాయుడు ఆటే మానేస్తున్నానన్నాడు. కొన్ని వారాలకు మనసు మార్చుకుని హైదరాబాద్‌కు ఆడాడు గానీ, ఇండియా టోపీ మళ్లీ పెట్టలేదు. వన్డేల్లో 47 సగటు ఉన్నవాడు! అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.