నిజాంపురా పరుగు బృందానికి తలకిందుల సలహాలు

పరుగు నేర్పే పుస్తకాలూ వీడియోలూ రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం తయారైనవి. వారానికి ఐదు రోజులు పరిగెత్తు, కిలోమీటర్లు పెంచుకుంటూ పో, తెల్లారకముందే లే అంటాయి. నిజాంపురా, పద్మనగర్ గల్లీల నుంచి పొద్దున్నే బూట్లు కట్టుకుని బయల్దేరే మనవాళ్లలో సాంచాల (మరమగ్గాల) మీద 12 గంటల పాళీ (షిఫ్టు) చేసేవాళ్లున్నారు. తెలంగాణ నుంచి తాతల కాలంలో వచ్చి భివండీలో స్థిరపడ్డ ఇళ్ల పిల్లలు. ఆ పుస్తకాల ప్రకారం పోతే వీళ్లు మొదటి పందెం లోపే మోకాలు పట్టుకుని కూర్చుంటారు. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ చాలామంది కోచ్‌లకు తప్పుగా తోచే సలహాలే. అయినా ఇవే పాటించమంటాను.

ముందుగా, పరుగు తగ్గించండి. వారానికి మూడు రోజులు చాలు. నాలుగో ఆరో సాంచాలు చూసుకునేవాడు పాళీ మొత్తంలో కూర్చునేది అన్నం తినేటప్పుడే. పోగు తెగిన చోటికి, కండె అయిపోయిన చోటికి తిరుగుతూనే ఉంటాడు, అదీ సిమెంటు గచ్చు మీద, అరిగిన రబ్బరు చెప్పులతో. ఆ నడకను శిక్షణ లెక్కలోంచి తీసేయడమే పెద్ద పొరపాటు. అది కూడా కిలోమీటర్లే, అది కూడా అలసటే. దాని మీద ఇంకో ఐదు రోజుల పరుగు వేస్తే పడుగు బిగువెక్కి పోగులు తెగినట్టు మడమ వెనక నరం పట్టేస్తుంది.

రాత్రి పాళీ దిగినవాడిని అసలు పరుగుకు రానివ్వకండి. అప్పుడే కార్ఖానా నుంచి బయటికొచ్చిన మనిషిని ఒకసారి దగ్గర నుంచి చూడండి. కనుబొమల మీద నూగు, ముక్కు చివర నూనె మరక. మీరు మామూలుగా పలకరిస్తే అరిచినట్టు జవాబిస్తాడు, ఎందుకంటే చెవుల్లో సాంచాల మోత ఇంకా దిగలేదు. ఆ మనిషిని గోదాముల వైపు వెళ్లే రోడ్డు మీద పరిగెత్తిస్తే వెనకొచ్చే ట్రెయిలర్ హారన్ అతనికి సరిగా వినిపించదు. "ఇవాళ ఎగ్గొట్టావేంరా" అని గ్రూపులో ఎగతాళి చేసేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. అతను ఇంటికెళ్లి పడుకుంటే అదే ఆ రోజు శిక్షణ.

బృందంలో అందరికంటే వేగంగా పోయేవాడు అందరికంటే వెనక ఉన్నవాడితో పరిగెత్తాలి. ఈ మాటకు కుర్రాళ్లు ఒప్పుకోరు, తెలుసు. కానీ ప్రపంచస్థాయి పరుగువీరుల శిక్షణను పరిశీలించినవాళ్లు చెప్పేది ఇదే: వాళ్ల పరుగులో దాదాపు 80 శాతం తేలిక వేగంతోనే సాగుతుంది. ఎంత తేలిక అంటే, పక్కవాడితో ఇంటి సంగతులు ఆగకుండా చెప్పుకోగలగాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. రోజూ పోటీ పెట్టుకునే బృందం పందెం నాటికి అలసిపోయి ఉంటుంది.

తెల్లవారుజాము గాలి స్వచ్ఛమైనదన్న నమ్మకం చలికాలంలో మన ఊరికి సరిపోదు. రాత్రంతా నేల చల్లబడి, దాని పైనున్న గాలి కదలకుండా కూర్చుంటుంది. లారీల పొగ, బాయిలర్ల పొగ, దుమ్ము అందులోనే చిక్కుకుంటాయి. ఎండ కాస్త ఎక్కాకే అది పైకి లేస్తుంది. డిసెంబరు, జనవరిలో గంటా రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరండి. హైవే పక్కకు పోకుండా వరాలదేవి చెరువు వైపు చుట్లు వేసుకోండి. ఒకే చోట తిరగడం విసుగే. కానీ పాళీలో నూగు పీల్చిన ఊపిరితిత్తులకు మళ్లీ పొగ పట్టించడం కంటే విసుగు నయం.

నీళ్ల సంగతికొస్తే, దారిలో ప్రతి బల్ల దగ్గరా ఆగి తాగమని చెప్పేవాళ్లను నమ్మకండి. దాహమైతేనే తాగండి. 2002 బోస్టన్ మారథాన్‌లో పరిగెత్తిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తగ్గి ఉందని 2005లో తేలింది. పరుగులో బరువు పెరిగేంతగా ద్రవాలు తాగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. అదే పందెంలో ఒక యువతి ఈ కారణంగానే చనిపోయింది. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లే దారిలో ఎక్కువసేపు ఉంటారు, ఎక్కువ తాగుతారు, కాబట్టి కొత్తవాళ్లే జాగ్రత్తపడాలి.

నొప్పి మాత్ర జేబులో పెట్టుకుని గీత దగ్గర నిలబడే అలవాటు మానుకోండి. చెమటతో ఒళ్లు ఎండినప్పుడు ఐబుప్రొఫెన్ లాంటివి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. మాత్ర లేకుండా పరిగెత్తలేనివాడు ఆ రోజు పరిగెత్తకూడదు. బూట్లు మాత్రం పాళీ దిగాక సాయంత్రం కొనండి. అప్పుడు పాదం ఉబ్బి ఉంటుంది, 30 కిలోమీటర్ల దగ్గర ఎలా ఉంటుందో అలాగే. బొటనవేలి ముందు వేలి వెడల్పంత ఖాళీ లేకపోతే గోరు నల్లబడి ఊడిపోతుంది.

ఫుల్ మారథాన్ తొందర వద్దు. 2004లో మొదలై ఇప్పుడు జనవరిలో జరిగే ముంబై మారథాన్‌కు పేరిచ్చే ప్రతివాడూ 42.195 కిలోమీటర్ల మీదే కన్నేస్తాడు. పెడర్ రోడ్ ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తొందర ఖరీదు తెలుస్తుంది. రెండేళ్లు 10 కిలోమీటర్లు, ఆ తర్వాత హాఫ్. ఫుల్ ఆలోచన ఆపైనే.

కొందరికి అంతకంటే పెద్ద కల ఉంది, దక్షిణాఫ్రికా కామ్రేడ్స్ పందెం. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య 1921 నుంచి జరుగుతోంది. దాదాపు 90 కిలోమీటర్లు, గడువు 12 గంటలు. అంటే సరిగ్గా మన ఒక పాళీ. లోకంలో ఎంతోమంది ఏళ్ల తరబడి శిక్షణ తీసుకుని ఏడాదికి ఒక్కసారి చేసే 12 గంటల ఓర్పును మనవాడు వారంలో ఎన్నోసార్లు చూపిస్తున్నాడు. కాబట్టి మనవాళ్లకు ఓర్పు నేర్పక్కర్లేదు. అది కావలసినంత ఉంది. వాళ్లకు లేనిది నిద్ర, సెలవు.

అందుకే చివరి మాట బృందాన్ని నడిపే పెద్దలతో. భివండీ నుంచి ముంబై పందెం మొదలయ్యే సీఎస్ఎంటీ స్టేషన్‌కి నేరుగా లోకల్ లేదు. ఠాణా గానీ కల్యాణ్ గానీ చేరుకుని బండెక్కాలి. ఫుల్ మారథాన్ తెల్లవారుజామునే మొదలవుతుంది. శనివారం పాళీ చేసినవాడు ఆదివారం ఆ గీత దగ్గరికి రెండు కళ్లూ మూసుకుపోతూ చేరతాడు. పాళీ మానుకుందామంటే మీటర్ల లెక్కన వచ్చే కూలి పోతుంది. ఏటా రంగురంగుల టీషర్టులకు, ఫ్లెక్సీలకు పెట్టే డబ్బు ఈసారి పక్కన పెట్టండి. పందేనికి పేరిచ్చిన ప్రతి సాంచా కార్మికుడికీ ఆ శనివారం కూలి బృందం నిధి నుంచే ఇవ్వండి. శేఠ్‌తో సెలవు సంగతి నెల ముందే మీరే వెళ్లి మాట్లాడండి. ఆ రెండూ కుదరకపోతే ఆ ఏడు అతని పేరు ఇవ్వకండి.