మీరేవిట్లు బాబూ?

మా మేనల్లుడికి హైదరాబాద్‌లో ఎమ్మే ఎకనామిక్స్ సీటొచ్చింది. అందుకు వాడు రాసింది ఒకటే పరీక్ష, సీపీగెట్. వంద ప్రశ్నలు, గంటన్నర. ఉండడానికి గది కోసం మాత్రం తొమ్మిది రోజుల్లో ఇరవై మూడు ఇంటర్వ్యూలకు హాజరయ్యాడు. అన్నిటికీ గార్డియన్ హోదాలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నేనూ వెళ్లాను. నా పెళ్లిచూపుల్లో కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు.

మీ ఇంట్లోనే పెట్టుకోవచ్చుగా అని మీరనుకుంటున్నారు. మా అక్కా అదే అనుకుంది, పైకి అనలేదు గానీ. సంగతేమిటంటే నేనూ అద్దెకుంటున్నవాణ్ణే. మా అగ్రిమెంటులో 'నలుగురు సభ్యులు' అని రాసి ఉంది. చుట్టాలకు గడువు మూడు రోజులు. నాలుగో రోజు తెల్లారేసరికి చుట్టం కాస్తా 'అదనపు మనిషి' అయిపోతాడు. మా ఓనరుగారు వేరే పేటలో ఉంటారు, ఆయన కళ్లు మాత్రం మా వాచ్‌మన్ దగ్గర ఉంటాయి. పొద్దున్నే పాలప్యాకెట్లు వేసి, గుమ్మం ముందు చెప్పుల జతలు లెక్కపెట్టుకుని వెళ్తాడు. అందుకని మావాడి బూట్లు మొదటి రోజు నుంచే ఫ్రిజ్ పక్కన అజ్ఞాతవాసం చేశాయి.

యూనివర్సిటీలో అడిగితే హాస్టల్ లిస్టు పడేదాకా ఆగమన్నారు. క్లాసులు మాత్రం ఆగలేదు. అందుకని విద్యానగర్, నల్లకుంట, అడిక్‌మెట్, రామ్‌నగర్, తార్నాక వీధుల్లో గేట్లకు వేలాడే అట్టముక్కలు చదువుకుంటూ తిరిగాం. 'టులెట్' అని పెద్దక్షరాలు, కింద 'ఓన్లీ ఫ్యామిలీస్' అని ఇంకా పెద్దక్షరాలు. నల్లకుంటలో ఒకచోట కూలర్ డబ్బా కోసి చేసిన బోర్డు మీద ఆ రెండో మాట లేదు. పండగ చేసుకున్నాం. కాకపోతే ఫోన్ నంబర్లో చివరి అంకె వానకు కొట్టుకుపోయింది. సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కో అంకె వేసి కొట్టి చూశాం. ఏడో ప్రయత్నంలో దొరికిన పెద్దావిడ, గదులేవీ లేవుగానీ అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారా అని ఆరా తీసింది.

ఆలోచిస్తే ఆవిడ చెప్పిందే దగ్గర దారి. పెళ్లయితే గది ఇస్తారు. గది ఉంటే చదువు సాగుతుంది, చదువు సాగితే ఉద్యోగమొస్తుంది, ఉద్యోగమొస్తే పిల్లనిస్తారు. ఎక్కడ ఎక్కాలో తెలియని రంగులరాట్నం ఇది. అద్దె ఇంటి కోసం నరేశ్ చీర కట్టుకున్న 'చిత్రం భళారే విచిత్రం' వచ్చి ముప్పయ్యేళ్లు దాటింది. అప్పుడు నవ్వుకుని వచ్చేశాం. ఎనిమిదో రోజు రాత్రి మా ఆవిడ బీరువా వైపు నేను రెండు మూడుసార్లు చూసిన మాట నిజం.

ఆన్‌లైన్లో వెతకమని మిత్రులు సలహా ఇచ్చారు. అక్కడ గదులు ఎంత బాగుంటాయంటే వాటిని ఫోటోలోనే ఉంచేయాలి, వెళ్లి చూడకూడదు. ఒకాయన తాను ఆర్మీ ఆఫీసర్నని, బదిలీ మీద వెళ్తున్నానని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అడ్వాన్స్ వేస్తే తాళం కొరియర్లో పంపిస్తానని చెప్పాడు. దేశభక్తి ఉప్పొంగిందిగానీ డబ్బులు వెయ్యలేదు. ఆ తొమ్మిది రోజుల్లో మావాణ్ణి ఏ ప్రశ్నా అడగకుండా గది ఇస్తానన్నవాడు ఆ దొంగ ఒక్కడే.

మిగతావాళ్లు అడిగారు. విద్యానగర్‌లో పదకొండో ఇంటర్వ్యూ అనుకుంటా. మూడంతస్తుల ఇల్లు, గుమ్మానికి మామిడాకులు. మంచినీళ్లిచ్చారు. ఓనరుగారు రిటైర్డ్ ఉద్యోగి, మర్యాదస్తుడు. మావాణ్ణి ఎగాదిగా చూసి, గొంతు సవరించుకుని అడిగారు.

"మీరేవిట్లు బాబూ?"

"ఎకనామిక్స్ అంకుల్."

"అది కాదు. మీవాళ్లూ..."

"నాన్న ఆర్టీసీలో కండక్టర్ అంకుల్, ఖమ్మం డిపో."

"సంతోషం. ఇంటిపేరు?"

చెప్పాడు. మా బావగారి ఇంటిపేరు గొప్పదనం ఏమిటంటే అది నాలుగైదు కులాల్లో ఉంది. పెద్దాయన మొహంలో ఒక రిజర్వేషన్ చార్టు గిర్రున తిరిగి ఎక్కడా ఆగలేదు. ఇంకో అస్త్రం తీశారు.

"ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?"

"బస్టాండ్ వైపు అంకుల్."

ఆ ప్రశ్న ఎంత పాతదో, ఎంత దూరం నుంచి నడిచి విద్యానగర్ దాకా వచ్చిందో మావాడికి తెలియదు. నాకు తెలుసు, అందుకే నీళ్ల గ్లాసు కింద పెట్టేశాను. కోస్తావాళ్లయితే 'మీరేవిట్లు' అంటారు, తెలంగాణవాళ్లయితే 'మీరేమోళ్లు' అంటారు. 2014లో రాష్ట్రం రెండైంది గానీ ఈ ఒక్క ప్రశ్ననూ ఎవరూ పంచుకుని పట్టుకుపోలేదు, ఉమ్మడి ఆస్తిగానే ఉంది.

చివరికి ఆయన బ్రహ్మాస్త్రం వేశారు. "నాన్‌వెజ్ తింటారా? మేము ప్యూర్ వెజిటేరియన్స్‌కే ఇస్తాం." సరిగ్గా అప్పుడే లోపల్నుంచి చేపల పులుసు వాసన వచ్చింది. వంకాయ ముక్కలు కాబోలని సరిపెట్టుకుందామనుకున్నా, చింతపండు, మెంతిపొడి కలిసిన ఆ ఘాటు వంకాయది కాదు. ముగ్గురం ఆ వాసన పీల్చాం. ముగ్గురం పీల్చనట్టే ఊరుకున్నాం. "ఇంట్లో ఆడవాళ్లను కనుక్కుని ఫోన్ చేస్తా" అన్నారాయన. ఆయన దగ్గర మా నంబరు లేదు, అడగనూ లేదు.

రాజ్యాంగం పదిహేనో అధికరణం తీసి చదివాను ఆ రాత్రి. దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, వీటిలోకి కులం పేరు చెప్పి ఎవర్నీ రానివ్వకుండా ఉండకూడదని పేరుపేరునా రాశారు. స్నానఘట్టం దాకా గుర్తుపెట్టుకున్న మహానుభావులు టులెట్ బోర్డు మాట రాయలేదు. పాపం, రేపటి పిల్లలు చదువుకోడానికి ఊళ్లు వదిలి వస్తారని, వచ్చినవాళ్లు చెరువులో ఉండరని తట్టలేదేమో.

ఇంతకీ మేమేవిట్లు అని మీకూ అనుమానం వచ్చి ఉంటుంది. ఆయనకే చెప్పలేదు, మీకెందుకు చెబుతాను? మీకూ పైన ఒక పోర్షన్ ఖాళీగా ఉండి ఉండొచ్చు.

మావాడి క్లాస్‌మేట్ అమ్మాయి ఒకతె రెండు వీధుల అవతల ఇదే పని మీద తిరుగుతోంది. ఆమెను అడిగే ప్రశ్నలు వేరేనట. రాత్రి ఎనిమిది దాటితే ఎందుకు బయట ఉంటావు, ఫోన్లో ఎవరితో మాట్లాడతావు, అన్నయ్య అని చెప్పి వచ్చేవాడు నిజంగా అన్నయ్యేనా. ఆమె మూడో రోజుకే విసిగి ఐదుగురు షేరింగ్ ఉన్న లేడీస్ హాస్టల్లో చేరిపోయింది. అక్కడ ఈ ప్రశ్నలన్నీ ఫారంలో అచ్చువేసి ఉంటాయి, ఒక్కసారి నింపితే చాలు.

తొమ్మిదో రోజు సాయంత్రం రామ్‌నగర్‌లో మావాడికి పెంట్‌హౌస్ దొరికింది. సినిమాల్లో పెంట్‌హౌస్ కోటీశ్వరులకు ఉంటుంది. రామ్‌నగర్ పెంట్‌హౌస్ అంటే డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన రేకుల గది. ట్యాంకు నిండి పొర్లితే ఆ నీళ్లు గుమ్మం ముందునుంచే పోతాయి, కాబట్టి 'రివర్ వ్యూ' కూడా ఉన్నట్టే. అద్దె ఎనిమిదిన్నర వేలు, అడ్వాన్స్ మూడు నెలలు. కొత్తగా సున్నం వేశారు, తడి మరక మాత్రం సున్నాన్ని లెక్కచేయకుండా ఒక మూల ఆంధ్రప్రదేశ్ పటంలా పైకొచ్చింది. ఈ ఓనరు కులం అడగలేదు. మే నెలలో ఆ రేకుల కింద పడుకోగలిగినవాడు ఎవరైనా ఆయనకు అభ్యంతరం లేదు.

ఆయన పట్టింపంతా మేకుల మీద. గోడ గోడకీ తిరిగి, ఒక్కోదాన్నీ వేలితో తాకి లెక్కపెట్టి చూపించారు. "ఏడున్నాయి. ఖాళీ చేసేటప్పుడూ ఏడే ఉండాలి. ఎనిమిదోది కనబడితే రెండొందలు." కిటికీ పక్కనున్నది తాకగానే ఊడి కిందపడింది. ఆయన వంగి తీసి, ఆ బొక్కలోనే పెట్టి బొటనవేలితో నొక్కి, నిమిషం సేపు పట్టుకుని నిలబడి, నెమ్మదిగా చెయ్యి తీశారు. నిలబడింది. "ఏడు" అన్నారు. అగ్రిమెంటులో అదే రాయించారు.

అగ్రిమెంటు యథావిధిగా పదకొండు నెలలకే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి కాబట్టి దేశంలో అద్దెకున్నవాళ్లందరికీ ఏడాదికి పదకొండే నెలలు. అడ్వాన్స్ దగ్గర నేను కొంచెం చదువు ప్రదర్శించాను. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు రెండు నెలల అద్దె మించి డిపాజిట్ తీసుకోకూడదని ఉంది సార్ అన్నాను. ఆయన శ్రద్ధగా విని, "నమూనా అన్నారుగా" అన్నారు. నిజమే. బట్టల షాపులో బొమ్మకు కట్టిన చీరలాంటిది అది. రాష్ట్రాలు దిగి కొనుక్కుంటేనే ఒంటిమీదికొస్తుంది. అయినా బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ కట్టే పిల్లలున్నారని ఆయనే నన్ను ఓదార్చారు.

కరెంటుకు సబ్‌మీటరు, యూనిట్ పది రూపాయలు. నెలకు యాభై యూనిట్ల లోపు వాడితే డిస్కం యూనిట్‌కు తీసుకునేది రూపాయి తొంభై అయిదు పైసలు. ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద రెండొందల యూనిట్ల దాకా జీరో బిల్లు, అద్దెకున్న కుటుంబాలకూ ఇస్తారు. దానికి రేషన్ కార్డు కావాలి, మావాడి పేరున్న కార్డు ఖమ్మంలో వాళ్లమ్మ దగ్గరుంది. కాబట్టి జ్యోతి అక్కడ, మీటరు ఇక్కడ.

పరుపు, బకెట్టు, రైస్ కుక్కర్ డాబా మీదికి చేర్చి ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో మా ఓనరుగారి ఫోన్.

"మీ ఇంట్లో ఎవరో అబ్బాయి తొమ్మిది రోజులున్నాడటగా. ఈ నెల నీళ్ల కింద ఐదొందలు కలిపి వెయ్యండి."

"ఎవరన్నారండీ? గుమ్మం ముందు మా చెప్పులే ఉన్నాయిగా?"

"చెప్పులు నాలుగు జతలేనండీ. పాలప్యాకెట్లే రెండు కాస్తా మూడయ్యాయట."