ఎడమ కాలి పరువు

మా చుట్టాలందరిలోకీ వేగమైన కారు మా బావది. గంటకు రెండొందలు దాటుతుందని ఆయన అంటాడు. మీటరు మీద రెండొందల నలభై దాకా అంకెలున్నాయి కాబట్టి మేం కాదనం. మే నెలలో మాత్రం ఆగిరిపల్లి రోడ్డు మీద ఆ కారు వేగమూ, దాని ముందు నున్న ఊరి మార్కెట్టుకు పోతున్న మామిడికాయల లారీ వేగమూ ఒకటే. లోడు మీద పడుకున్న కుర్రాడు బావ హారన్ మోతకి లేచి, ఓ కాయ తీసి చూపించి, కావాలా అని సైగ చేస్తాడు. బావ మూడో గేరులోంచి రెండులోకి, రెండులోంచి మూడులోకి మారుస్తూ బెజవాడ చేరతాడు. తిరిగొచ్చాక, "గేరు బండిలో ఉన్న మజా ఆటోమేటిక్‌లో ఎక్కడిదిరా" అంటాడు.

ఈ మాట ఆయన అనే చోటు తోట. కోతలు మొదలైతే ఇంట్లో మగవాళ్లందరం అక్కడే. పని చేసేది కోతవాళ్లు. చిక్కం కట్టిన గడతో కాయని తొడిమెతో సహా దింపి, సొన కారనిచ్చి, బంగినపల్లి ఓ పక్క, రసాలు ఓ పక్క, కలెక్టర్ కాయ ఇంకో పక్క పోస్తుంటారు. మేం చెట్టు కింద నులకమంచాల మీద కూర్చుని అజమాయిషీ చేస్తుంటాం. అజమాయిషీకి నోటితో పెద్దగా పనుండదు గనక కార్ల గొడవ మొదలవుతుంది.

ఆటోమేటిక్ పక్షానికి నాయకుడు మా పిన్ని కొడుకు. డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ కొత్త కార్లు దాదాపు అన్నీ ఆటోమేటిక్కులే, వాడు లైసెన్సు తెచ్చుకున్నదీ దాని మీదే. వాడి బలమంతా అంకెల్లో ఉంది. పోర్షే 911 జీటీ3 అనే బండి గేరు రాడ్డుతో అయితే సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 3.9 సెకన్లు, ఆటోమేటిక్‌తో అయితే 3.4. "అర సెకను బావా! మనిషి చెయ్యి అంత మందం," అంటాడు.

బావ దగ్గర దీనికి విరుగుడుంది. 2013లో అదే పోర్షే వాళ్లు అదే జీటీ3ని ఆటోమేటిక్‌లో మాత్రమే వదిలారు. కొనేవాళ్లు గోల పెట్టారు. 2017కల్లా గేరు రాడ్డు తిరిగొచ్చింది. "అర సెకను ఆలస్యమైనా పర్లేదు, మాకు గేరే కావాలని కోటీశ్వరులు ఏడిస్తే ఇచ్చార్రా," అని బావ గెలిచినంత పనిచేస్తాడు. ఈ ఇద్దరిలో ఎవరూ ఆ బండిని కళ్లారా చూడలేదని నేను మధ్యలో గుర్తుచేస్తే ఇద్దరూ కలిసి నా మీద పడతారు.

వాదం ముదిరితే తమ్ముడు యంత్రశాస్త్రంలోకి దిగుతాడు. ఆటోమేటిక్ అంటే ఒకటి కాదట. మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్ 2019లో వచ్చినప్పుడు ఆ ఒక్క కారులోనే మూడు రకాలు పెట్టారు: డీజిలు బండికి ఆయిల్‌తో బలం అందించే టార్క్ కన్వర్టరు, మామూలు పెట్రోలుకు అసలు మెట్లే లేని పుల్లీల ఏర్పాటు, టర్బోకి రెండు క్లచ్చులది. ఈ రెండు క్లచ్చుల దాంట్లో ఒక క్లచ్చు బేసి గేర్లు చూసుకుంటుంది, రెండోది సరి గేర్లు. నువ్వు రెండులో పోతుంటేనే మూడు సిద్ధంగా ఉంటుంది.

"నేను మూడు వేస్తానని దానికెలా తెలుసు?" అన్నాడు బావ.

"కాలు ఎంత నొక్కావో చూసి ఊహిస్తుంది బావా."

"ఇన్నేళ్ల కాపురంలో మీ అక్కే ఊహించలేకపోయింది, అదేం ఊహిస్తుందిరా!"

అక్క కాస్త దూరంలో ట్రేలు లెక్కపెడుతోంది. తలెత్తకుండానే, "ఊహించాను. పైకి చెప్పలేదు," అంది.

అసలు మా ఇళ్లలోకి ఆటోమేటిక్ తెచ్చింది పోర్షే కాదు. 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ. ఇందులో గేరుపెట్టె మామూలు గేరు బండిదే. క్లచ్చు నొక్కడం, గేరు మార్చడం మాత్రం మన బదులు ఓ చిన్న మోటారు, కంప్యూటరు చూసుకుంటాయి. గేరు మారేటప్పుడు బండి ఓ క్షణం ఆగి ఆలోచిస్తుంది, లోపలున్న అందరి తలలూ ఒకేసారి ముందుకు ఊగుతాయి. గేరు బండికంటే ధర కొంచెమే ఎక్కువ కాబట్టి మధ్యతరగతి ధైర్యం చేసింది. ఆ ధైర్యాన్ని ఏ మగవాడూ తన పేరున రాసుకోలేదు. మా వైపు ఆటోమేటిక్ కొన్న ఎవర్నడిగినా ఒకటే జవాబు: "నాక్కాదండీ, మా ఆవిడకి." ఆవిడ లేనివాడు మోకాలి నొప్పి అంటాడు.

బావ కూడా "మీ అక్కకి" అనే కొన్నాడు. కొన్నాక జరిగింది ఆయన ఊహించనిది: అక్క నిజంగానే తోలింది. అంతకుముందు బావ కారులో నేర్చుకోబోయిన ప్రతిసారీ హాఫ్ క్లచ్ దగ్గర పాఠం ఆగిపోయేది. "వదులు, వదులు, అంత కాదు, అయ్యో ప్లేటు కాలిపోతోంది!" అన్నది ఆ పాఠం పూర్తి పాఠ్యం. క్లచ్చే లేకపోయేసరికి మాస్టారికి చెప్పడానికేం మిగల్లేదు. ఇప్పుడు హైదరాబాదు చుట్టాలకి రసాల పెట్టెలు బస్సెక్కించాలన్నా, హనుమాన్ జంక్షన్‌లో ఎవర్నైనా దింపాలన్నా అక్కే పోతోంది. బావ పక్క సీట్లో కూర్చుంటాడు. ఆయన ఎడమ కాలు కింద మ్యాట్‌ని తొక్కుతూనే ఉంటుంది. గేరు మారి తలలు ఊగినప్పుడల్లా, "ఆఁ, ఇప్పుడు సెకండ్ పడింది," అని ప్రకటిస్తాడు. గేరు బండి కోసం ఇంత గట్టిగా కొట్లాడేవాళ్లలో ఎందరు వేగం కోసం కొట్లాడుతున్నారో, ఎందరు డ్రైవరు సీటు కోసం కొట్లాడుతున్నారో అని నాకు అనుమానం.

వేగమే కావాలంటే గేర్లతో పనేముంది? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. వెర్న్ అనే ఫ్రెంచి డ్రైవరు గెలిచాడు. ఆ కార్లన్నీ కరెంటువి, మార్చడానికి రెండో గేరే లేదు. తెలుగు గడ్డ మీద అంత పెద్ద రేసు జరిగితే బావ టీవీలో పావుగంట చూసి కట్టేశాడు. "అది రేసేంటిరా, పక్కింట్లో మిక్సీ వేసినట్టుంది!"

మా మేనమామ ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఈ వాదనల్లో ఆయన నోరెత్తడు. పాత బస్సుల్లో గేరు మార్చాలంటే క్లచ్చు ఒకసారి నొక్కితే చాలేది కాదు. నొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, మళ్లీ నొక్కి వెయ్యాలి. కింది గేరుకైతే మధ్యలో యాక్సిలరేటరు కూడా ఓ తాకు తాకాలి. లేకపోతే పళ్లు అరిచే అరుపుకి బస్సులో నిద్రపోయేవాళ్లంతా లేచేవాళ్లు. అంత ప్రావీణ్యమున్న మనిషి మాకు తిరుగులేని గేరు పక్షపాతి అనుకున్నాం. అడిగితే, "నాకు ఆటోమేటిక్ బస్సిచ్చుంటే ఈ మోకాలు ఇంకో పదేళ్లు పనిచేసేది," అన్నాడు. బావ ఆ పూట భోజనానికి తొందరగా లేచాడు.

మొన్న వేసవిలో తమ్ముడు ఓ రహస్యం బయటపెట్టాడు. డల్లాస్‌లో వాడు కొనాలనుకుంటున్న కారు హోండా సివిక్ టైప్ ఆర్. అది గేరు రాడ్డుతో తప్ప దొరకదు. అక్కడ గేరు తోలడం వచ్చినవాడికి మహా గౌరవమట, దొంగలు కూడా ఎత్తుకెళ్లలేరట. ఆటోమేటిక్ పక్షం నాయకుడు గేరు నేర్పమని బావని బతిమాలాడు. ఆ వేగమైన కారు తాళాలు బావ జేబులోంచి కదల్లేదు.

చివరికి మామయ్య వాణ్ని ట్రాక్టరు ఎక్కించాడు. నాలుగు గేర్లు, పక్కన హై, లో రాడ్డు, అంటే ముందుకి ఎనిమిది, వెనక్కి రెండు. "ఎయిట్ స్పీడా!" అని వాడి మొహం వెలిగిపోయింది. క్లచ్చు వదిలిన తీరుకి ట్రాక్టరు ఓ గెంతు గెంతింది, కోతవాళ్లు గడలు దించి మరీ చూశారు. రెండు సాళ్లు తిరిగొచ్చేసరికి వాడికి హుషారొచ్చేసింది.

"మామయ్యా, దీని జీరో టు హండ్రెడ్ ఎంత?"

మామయ్య ట్రాలీ వైపు ఓసారి చూశాడు.

"వంద ట్రేలా? ఒక్క ట్రిప్పేరా."