ప్లగ్ తీసేశాను కదా అనుకున్నాను

పాత టీవీ బోర్డులు తూకానికి తెచ్చుకుని పార్టులు తీయడం మొదలుపెట్టిన కొత్తలో, కంటికి కనబడిందల్లా పీకేసేవాణ్ణి. కోఠీ గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు చవగ్గా దొరుకుతాయని తెలుసు. అయినా సాయంత్రాలన్నీ వాటి కాళ్లు ఊడదీస్తూ కూర్చున్నాను. డబ్బా నిండుతుంటే అదే సంపాదన అనిపించేది.

సోల్డర్‌లో రకాలుంటాయని కూడా అప్పటికి తెలియదు. సీసం కలిసిన పాతరకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. 2006లో ఐరోపా సీసం మీద ఆంక్షలు పెట్టాక వాడకం పెరిగిన సీసం లేని రకం కరగాలంటే 217 దాటాలి. నా చేతిలోది 25 వాట్ల ఐరన్. కరగడం లేదని ఇంకా గట్టిగా నొక్కి కాలు పట్టి లాగితే, కింద రాగి కూడా పెచ్చుగా లేచి వచ్చేది. జాయింటు మీద కాస్త ఫ్లక్స్, కొత్త సోల్డర్ వేస్తే పాతది తేలిగ్గా కరిగి, సోల్డర్ పీల్చే పంపులోకి వచ్చేస్తుంది. తీసేయాల్సిన చోటే ఇంకొంచెం వేయాలన్న ఆలోచన నాకు రాలేదు.

అసలు తెలివితక్కువతనం వేరే ఉంది. ఒక బోర్డు పనిచేస్తుందేమో చూద్దామని కరెంటు ఇచ్చాను. పనిచేయలేదు. ప్లగ్ తీసి, వెంటనే బోర్డు తిరగేసి పట్టుకున్నాను. పెద్ద కెపాసిటర్ రెండు కాళ్ల మీదా వేళ్లు పడ్డాయి. దాని ఒంటి మీద 400 వోల్టులని రాసే ఉంది, నేను చదవలేదు. 230 వోల్టుల ఏసీ బ్రిడ్జి డయోడ్లు దాటాక దాదాపు 325 వోల్టుల డీసీ అవుతుంది. నడిచే బోర్డయితే ఆ ఛార్జిని తానే వాడేసుకుంటుంది. చచ్చిన బోర్డులో వాడుకునేది లేక అలాగే నిలిచిపోతుంది. చెయ్యి మోచేతి దాకా జివ్వుమని, బోర్డు గోడకు కొట్టుకుంది. వేలి కొసన తెల్లటి చుక్కలా కాలింది. రెండో చెయ్యి కూడా తగిలి ఉంటే షాకు గుండె మీదుగా పోయేది. ఇప్పుడైతే 10 కిలో ఓంల, 5 వాట్ల రెసిస్టర్‌కు తొడుగున్న వైర్లు కట్టి కాళ్లకు ఆనిస్తాను. కాసేపాగి, మీటర్‌లో సున్నా చూశాకే ముట్టుకుంటాను.

ఉబ్బని కెపాసిటర్లన్నీ మంచివేననీ నమ్మాను. లోపలి ద్రవం ఎండినా పైకి తెలియదు, ఈఎస్ఆర్ మీటర్ పెడితేగానీ బయటపడదు.

ఇంకొక తప్పును మాత్రం ఇక దిద్దుకోలేను. స్విచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ల మీద వోల్టేజీ రాసి ఉండదు. ఏ కాలు ఏ డయోడ్‌కు పోతుందో, ఆ డయోడ్ పక్క కెపాసిటర్ ఎన్ని వోల్టులదో చూస్తే అంచనా దొరుకుతుంది. అంటే ఆ సమాచారమంతా బోర్డులోనే ఉంది. నేను ట్రాన్స్‌ఫార్మర్లు పీకి దాచుకుని, బోర్డులను మళ్లీ తూకానికి అమ్మేశాను.