అబ్బాయి గంజాయి తాగుతున్నాడా? ఊరికి తెలియకుండా కాపాడుకునే చిట్కాలు

మీ పెద్దవాడికి పాతికేళ్ళు దాటాయి. గంజాయికి అలవాటు పడ్డాడని అనుమానంగా ఉంది. కంగారు పడకండి. చింతపల్లి చుట్టుపక్కల ఈ కష్టం పడుతున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి, ఒక్క ఇల్లూ బయటపడలేదు. వాళ్ళ పద్ధతులన్నీ పోగేసి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, చూడకండి. కళ్ళు ఎర్రగా ఉంటే పొయ్యి పొగ అనుకోండి. డిసెంబరులో లంబసింగి చలి సున్నాకి దగ్గర పడుతుంది, మంట కాగని ఇల్లుండదు, ఎవరి కళ్ళు మాత్రం తెల్లగా ఉంటాయి? మధ్యాహ్నం దాకా లేవకపోతే "రాత్రంతా తోట కాపలా కాశాడు పాపం" అనండి. ఏ తోటో మాత్రం అడక్కండి. అర్ధరాత్రి లేచి కుండ ఊడ్చి తింటే, బిడ్డకి ఆకలి బాగుందని సంతోషించండి.

2019లో కేంద్రం బయటపెట్టిన సర్వే ప్రకారం, ఏడాదిలో ఒక్కసారైనా గంజాయో భంగో చరసో వాడినవాళ్ళు దేశంలో 3 కోట్ల పైచిలుకు. ఆ లెక్కలో మీవాడు లేడు. సర్వేవాళ్ళు మీ ఇంటికి రాలేదుగా.

ఎవరైనా కదిపితే "ఆకే కదా" అనండి. సాధువులు తాగరా? మన శీలావతి రకానికి దేశమంతా గిరాకీ లేదా? ఊరికి ఇంత పేరు తెచ్చింది ఒంటికి చెడు చేస్తుందా? కుర్రతనంలో మొదలుపెట్టి రోజూ తాగేవాళ్ళలో కొందరికి చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుందనీ, కన్నవాళ్ళే చంపబోతున్నారని అనుమానం పట్టుకుంటుందనీ డాక్టర్లు చెప్తారు. డాక్టర్లు అలాగే అంటారు, వాళ్ళకి పని కావాలి కదా. మీవాడు మాత్రం అమ్మ పోసిన చోడి అంబలి గిన్నె పక్కకి నెట్టి, "ముందు నువ్వు తాగు" అంటే, ఆమెని తాగి చూపించమనండి. మర్నాడు రెండు గుక్కలు తాగమంటాడు. అదీ తాగమనండి. మూడోనాడు గిన్నె విసిరేస్తే అప్పుడు మంత్రాలేసే గురువు దగ్గరికి బయల్దేరండి.

గురువు దగ్గరికి వెళ్తే వచ్చే లాభం ఏమిటంటే, తప్పు వేరేవాళ్ళ మీదికి పోతుంది. ఎవరో చిల్లంగి పెట్టారని తేలుతుంది. ఎవరంటే, మీకు గట్టు తగువున్న పక్కింటి ముసలాయనే అయి ఉంటాడు. చిల్లంగి అనుమానంతో ఏజెన్సీలో మనుషుల్ని చంపుకున్న కేసులున్నాయి కాబట్టి ఆయన పేరు నలుగురిలో గట్టిగానే అనండి. కోడి, మేక, దక్షిణ అన్నీ అయ్యాక కూడా కుర్రాడు కుదురుకోకపోతే కట్టెయ్యండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఇలాంటి రోగులకి గొలుసు వెయ్యకూడదంటుంది. చట్టం ఢిల్లీలో ఉంది, గొలుసు మీ పశువుల పాకలోనే ఉంది.

ఇక అందరూ ఒప్పుకునే అసలు మందు పెళ్ళి. నెలరోజుల్లో చేసెయ్యండి, కాఫీ పళ్ళ డబ్బు చేతికొచ్చే సమయమైతే మరీ మంచిది, ఓలికి ఇబ్బందుండదు. పిల్లని దూరం మండలం నుంచి తెచ్చుకోండి. దగ్గరివాళ్ళయితే సంతలో ఆరా తీస్తారు. చూపులనాడు కుర్రాణ్ణి పొద్దున్నే స్నానం చేయించి, కొత్త చొక్కా వేసి, తలుపు వెలుతురు మొహమ్మీద పడని మూల కూర్చోబెట్టండి. పిల్ల మేనమామ "ఏటి బాబూ, మాటాడవేటి?" అంటే "మావోడికి సిగ్గెక్కువ, మావా" అని మీరే అందుకోండి. "ఏం చేస్తాడు?" అంటే "రెండెకరాల కాఫీ, మిరియాలు" అనండి, అది అబద్ధం కాదు. మీరిద్దరూ ఇన్నేళ్ళ బట్టి చెయ్యలేనిది ఇరవయ్యేళ్ళ పిల్ల మూణ్ణెల్లలో చేస్తుంది. చెయ్యలేకపోయిందా, తప్పెవరిదో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. కోడలి అడుగు మంచిది కాదు. ఈ పెళ్ళి వల్ల ఇంట్లో జరిగే నిజమైన మార్పు ఏమిటంటే, అంబలి ముందు తాగి చూపించే మనిషి మారుతుంది.

డబ్బు దగ్గర పిసినారితనం వద్దు. చేసిన అప్పులు అడక్కుండా తీర్చండి. బండి కొనమంటే కొనండి, కుర్రాడు పనిలో పడతాడు. పడతాడు కూడా. రాత్రిపూట సరుకు బండికి ముందు పోతూ, నర్సీపట్నం ఘాట్‌లో పోలీసులున్నారో లేరో ఫోన్ చేసి చెప్పే పనికి పైలట్ అని మంచి పేరే ఉంది. ఇంట్లో ఉప్పూపప్పుకి నోట్లు విసిరితే ఎక్కడివని అడక్కండి, ఎన్నాళ్ళకో సంపాదిస్తున్నాడు. గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్ళకి తగ్గకుండా, ఇరవయ్యేళ్ళ దాకా జైలనీ, లక్షకి తగ్గని జరిమానా అనీ, బెయిలు కూడా గగనమనీ 1985 నాటి మత్తుమందుల చట్టం చెప్తుంది. చట్టం చదివినవాడెవడైనా బాగుపడ్డాడా?

పైగా ఊళ్ళో గంజాయే లేదని ధైర్యం చెప్పుకోండి. 2021 అక్టోబరు చివర్లో ఆపరేషన్ పరివర్తన్ అని మొదలుపెట్టి వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల దాకా తగలబెట్టారు. అంతా బూడిదయ్యాక మీవాడికి దొరికేదెక్కడ? కొండకి అవతల ఒడిశా ఉందన్న సంగతి బడిలో భూగోళం మేష్టారు చెప్తే చాలు, మనకెందుకు.

ఆస్పత్రికి మాత్రం చచ్చినా తీసుకెళ్ళకండి. పేరు రాసుకుంటారు, పేరు స్టేషన్‌కి పోతుంది, కేసు పడుతుంది. ఇది ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు గానీ అందరికీ తెలుసు. ఆ మత్తుమందుల చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షను ఉంది. కేవలం తాగిన కేసో, కిలో లోపు చిన్న మొత్తం దొరికిన కేసో ఉన్నవాడు తనంతట తాను సర్కారు ఆస్పత్రిలోనో, సర్కారు గుర్తించిన కేంద్రంలోనో చేరి పూర్తిగా వైద్యం చేయించుకుంటే వాడి మీద ఆ కేసు నడపకూడదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఇలాంటివి చదివితే భయం పోతుంది, భయం పోతే ఆస్పత్రికి వెళ్ళాలనిపిస్తుంది, కాబట్టి చదవకండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు ఇదే చింతపల్లి పోలీస్ స్టేషన్‌లోకి నడిచెళ్ళి తుపాకులు పట్టుకుపోయింది. ఆ గడ్డ మీద పుట్టిన మనం, చీటీ రాయించుకోడానికి నర్సీపట్నం ఆస్పత్రి గుమ్మం ఎక్కలేం. విశాఖ చినవాల్తేరు మానసిక ఆస్పత్రి మాట ఎత్తితే చుట్టాలు "పిచ్చాసుపత్రా!" అని ముక్కున వేలేసుకుంటారు. 14446కి ఫోన్ చేస్తే మత్తు మానడం గురించి డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. మీ ఫోన్లో డబ్బులు లేవనుకోండి. ఆ నంబరుకి అవసరం లేకపోయినా సరే.

ఇంత చేసినా ఒక్కోసారి కుర్రాడే "మానేస్తానమ్మా" అంటాడు. ఇది చాలా ప్రమాదకరమైన ఘడియ. మానిన మొదటి వారంలో నిద్రుండదు, వచ్చినా పీడకలలు, అన్నం సయించదు, ఊరికే చిరాకు, చెమటలు. చాలామందికి రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది, అంతదాకా పక్కన ఓపికున్న మనిషీ, కౌన్సెలింగూ ఉంటే చాలంటారు. మీరు మూడో రాత్రికే తేల్చేయండి: "తాగినప్పుడే నయం, మనిషిలా ఉండేవాడు." లేదా దాని బదులు జీలుగు కల్లు పోయండి, అది మనింటి ఆచారమే. నిద్రపడుతుంది. కొన్నాళ్ళకి రెండూ కావాలంటాడు, అప్పటి సంగతి అప్పుడు.

నాలుగు నెలలు మాని, మళ్ళీ ఒకనాడు తాగొస్తే, "చూశావా, నేను ముందే చెప్పాను" అనే వాక్యం సిద్ధంగా పెట్టుకోండి. ఆ నాలుగు నెలలు లెక్కలోకి తీసుకోకండి. ఇలాంటి జబ్బులో మళ్ళీ జారడం మామూలేననీ, అప్పుడే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలనీ అనేవాళ్ళ మాట వినకండి. వాడి ఎదుటే మీరిద్దరూ పోట్లాడుకోండి. గారం చేసింది నువ్వు, కొట్టి చెడగొట్టింది నువ్వు.

ఆశ్రమ పాఠశాలలో చదువుతున్న చిన్నపిల్ల సంక్రాంతి సెలవులకొస్తుంది. అన్నయ్యకి ఏమైందని అడుగుతుంది. జ్వరమని చెప్పండి. పోయిన సెలవుల్లోనూ జ్వరమే కదా అంటే, చదువుకొనే పిల్లకి ఇవన్నీ ఎందుకని కసరండి. పదో తరగతి మార్కులు తగ్గితే సెల్‌ఫోన్ వల్లే.

చివరిగా ఒక్క జాగ్రత్త. ఏదో ఒక సాయంత్రం వెనక వీధి నాయుడో దొరో, మీ ఈడువాడే, ఏ పనీ లేకుండా మీ అరుగు మీదికొచ్చి కూర్చుంటాడు. మిరియాల ధర అడుగుతాడు. వానల గురించి మాట్లాడతాడు. లేచి వెళ్ళబోతూ, "బావా, మీ పెద్దోణ్ణి ఏ ఆసుపత్రికైనా చూపించారేటి? మావోడు కూడా..." అంటాడు. మాట పూర్తి కానివ్వకండి. "మావోడికేటి, నిక్షేపంలా ఉన్నాడు, హైదరాబాద్‌లో ఉద్యోగం" అనండి. అతను వెంటనే, "అదే అదే, మావోడూ అక్కడే, అందుకే అడిగాను" అంటాడు. వాళ్ళిద్దరూ మీ పెరట్లోనే ఉంటారు, కాస్త గొంతు పెంచి మాట్లాడితే దగ్గు వినపడదు.