కింద ఉన్నవాడు

"సార్, కిందున్నోడు ఓడినట్టేనా?" అని ఒక పిల్లవాడు 2018లో నన్ను అడిగాడు. అప్పుడు నేనిచ్చిన జవాబు తప్పు. ఆ సంగతి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, తన్నులూ గుద్దులూ పట్లూ అన్నీ చెల్లే ఎంఎంఎ కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాళ్ల కోసం పెట్టిన చిన్న పోటీ అది. మూడేసి నిమిషాల రౌండ్లు మూడు. ముగ్గురు జడ్జీల్లో నేనొకణ్ణి. కుస్తీ తెలిసినవాణ్ణని పిలిచారు. పదేళ్ల వయసులో పాతబస్తీ తాలింఖానాలో లంగోటా కట్టినవాణ్ణి. నూనె, పసుపు కలిపి తవ్విన ఆ ఎర్రమట్టి వాసన ఇప్పటికీ ముక్కుకు తెలుస్తుంది. అక్కడ మా ఉస్తాద్ నేర్పిన లెక్క ఒక్కటే. రెండు భుజాలూ మట్టికి తగిలితే చిత్తు. వెల్లకిలా పడ్డవాడికి ఆ తర్వాత ఆట లేదు.

ఆ లెక్కతోనే కేజ్ పక్కన కూర్చున్నాను. దేనికి ఎంత విలువ ఇవ్వాలో రాసి నిర్వాహకులు పొద్దున్నే రెండు కాగితాలు ఇచ్చారు. చదవలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. పట్టు గురించి కాగితం చూసి నేర్చుకోవాల్సింది నాకేముంటుందనుకున్నాను.

రెండు రౌండ్లు చెరొకటి అయ్యాయి. మూడోది మొదలవగానే ఆ పిల్లవాడు అవతలివాడి తొడ మీద వరసగా నాలుగు తన్నులు తన్నాడు. అవతలివాడి కాలు తడబడింది. ఆ తడబాటులోనే అవతలివాడు వంగి, పిల్లవాడి నడుం పట్టి, ఎత్తి కింద పడేశాడు. చప్పుడు గట్టిగా వచ్చింది, హాలంతా అరిచింది. రౌండు ఎవరిదో నా మనసులో అప్పుడే తేలిపోయింది.

తర్వాత రెండు నిమిషాలూ పైవాడు ఏమీ చేయలేదు. ఒక్క గుద్దు లేదు. ఛాతీకి తల ఆనించి బరువంతా వేసి ఉండిపోయాడు. పనంతా కిందున్నవాడిదే. ఒకసారి పైవాడి చేతిని తొడల మధ్య ఇరికించి, మోచేయి వెనక్కి విరిగేదాకా తెచ్చాడు. ఇంకోసారి కాళ్లు మెడ చుట్టూ మెలేసి ట్రయాంగిల్ బిగించాడు. పైవాడి ముఖం కందగడ్డ అయింది. ఓటమి ఒప్పుకుని ట్యాప్ చేయడానికి అతని అరచెయ్యి లేచి, గాలిలోనే ఒక క్షణం ఆగింది. గంట మోగింది.

ఆ చెయ్యి నేను చూశాను. నాలుగడుగుల దూరంలో చూశాను. అయినా పైన ఎవరున్నారన్నదే లెక్కపెట్టాను.

మిగతా ఇద్దరు జడ్జీలు చెరొకరికి ఇచ్చారు. నా 29-28తో అతను ఓడిపోయాడు.

బట్టలు మార్చుకుని వచ్చి ఆ మాట అడిగాడు. గొడవకు రాలేదు. ఎక్కడ తప్పు చేశానో తెలిస్తే దిద్దుకుందామని అడిగాడు. "కింద ఉన్నావు కదరా" అన్నాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు.

మర్నాడు చొక్కా ఉతకడానికి వేస్తూ మా ఆవిడ ఆ కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడు చదివాను. అమెరికాలో ఈ పోటీల బాగోగులు చూసే కమిషన్ల సంఘం 2016లో ఆమోదించి, 2017 జనవరి 1 నుంచి అమల్లో పెట్టిన కొలత అది. దెబ్బ అయినా పట్టు అయినా, ఆటను ముగించే దిశగా ఎంత పనిచేసిందన్నదే మొదట చూడాలి. వెంటనే కుదేలు చేసినదానికి ఎక్కువ విలువ, కొద్దికొద్దిగా అరగదీసినదానికి ఆ తర్వాత. అందులో ఇద్దరూ సమానమైతేనే ఎవరు దూకుడుగా ముందుకెళ్లారన్నది. అదీ సమానమైతేనే కేజ్ మధ్య ఎవరి ఆధీనంలో ఉందన్నది. పడేయడం దానంతటదే గెలుపు కాదని, పడేసి ఏం చేశాడో చూడమని అందులోనే ఉంది. పైన ఉన్నాడా కింద ఉన్నాడా అన్నదానికంటే చేసిన పనికే విలువ. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది, అది నాకు కొత్త సంగతి కాకపోవడం. 1994 డిసెంబరులో అమెరికాలోని టల్సాలో జరిగిన నాలుగో యూఎఫ్‌సీ ఎంఎంఎ పోటీ ఫైనల్ వీడియో అంతకు ముందే ఎన్నోసార్లు చూశాను. డాన్ సెవర్న్ పేరున్న కుస్తీ యోధుడు. తనకంటే ఎంతో తేలికైన హోయిస్ గ్రేసీని దాదాపు పావుగంట కిందేసి నొక్కాడు. అప్పట్లో రౌండ్లు లేవు, జడ్జీలు లేరు. కింద నుంచే గ్రేసీ కాళ్లతో మెడ బిగించాడు, సెవర్న్ ట్యాప్ చేశాడు. దాన్ని నేను అదృష్టమని కొట్టిపారేశాను. గడియారం పావుగంట దగ్గర ఆగి ఉంటే నా కార్డు సెవర్న్‌కే గెలుపు రాసిచ్చేది. నేను లెక్కించింది ఎవరు ఎవరి మీద ఉన్నారని. అక్కడ జరుగుతున్నది వేరు.

సిగ్గుపడ్డవాడు ఇంకో తప్పు చేస్తాడని నాకు అప్పుడు తెలియదు. ఆ రోజు నుంచి పట్టుకు విలువ ఇవ్వడమే మానేశాను. టీవీ ముందు కాగితం పెట్టుకుని, గుద్దినవాడికే రౌండు రాసేవాణ్ణి. రక్తం వస్తే మరీ సులువు. 2023 ఫిబ్రవరి 12, ఆదివారం పొద్దున, పెర్త్‌లో యూఎఫ్‌సీలోనే ఇస్లాం మఖచెవ్, వోల్కనోవ్‌స్కీల పోటీ. నాలుగో రౌండులో చాలాసేపు మఖచెవ్ వోల్కనోవ్‌స్కీ వీపు మీదే ఉండి, కాళ్లతో నడుం కట్టేసి, గొంతు కోసం వెతికాడు. వోల్కనోవ్‌స్కీ భుజం మీదుగా వెనక్కి గుద్దుతూనే ఉన్నాడు. నేను ఆ గుద్దులు లెక్కపెట్టి రౌండు వోల్కనోవ్‌స్కీకి రాశాను. అయిదో రౌండులో మఖచెవ్‌ను అతను పడగొట్టాడు కూడా. 48-47, 48-47, 49-46తో ముగ్గురు జడ్జీలూ మఖచెవ్‌కే ఇస్తే అన్యాయమని మండిపడ్డాను.

ఆ వారమే ఆ పిల్లవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. పిల్లవాడు కాదు ఇప్పుడు, ఒక జిమ్‌లో చిన్నపిల్లలకు నేర్పుతున్నాడు. నా నాలుగో రౌండు గోడు విని, "మీద కూసుంటా, చూడండి సార్" అన్నాడు. వెనక నుంచి ఎక్కి కాళ్లు నా పొట్ట చుట్టూ బిగించాడు. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ బిగింపు ఇంకాస్త లోపలికి దిగింది. వదిలిన గాలి తిరిగి లోపలికి రావడం లేదు. "ఇప్పుడు కొట్టండి" అన్నాడు. భుజం మీదుగా పిడికిలి విసిరాను. తలుపు తట్టినట్టు తగిలింది అతని నుదుటికి. నడుం తిరగకపోతే చేతికి బలం ఎక్కడిది? ఆ చెయ్యి ఎత్తిన సందులోంచే అతని ముంజేయి నా గడ్డం కిందికి వచ్చింది. మెడను నొక్కలేదు, ఊరికే ఆనించి ఉంచాడు. ఆ ఒక్క చేతిని ఆపడానికి నా రెండు చేతులూ అక్కడే ఉండిపోయాయి. నిమిషం కాకుండానే వేళ్లు తిమ్మిరెక్కాయి. ఒంటి మీద ఒక్క మచ్చ పడలేదు. బయట కూర్చుని చూసేవాడికి ఏమీ జరగనట్టే ఉండేది.

ట్యాప్ చేశాను. వదిలేశాడు.

పరుపు మీద కూర్చుని ఊపిరి తిప్పుకున్నాక, "ఆ రోజు మూడో రౌండు నీదే" అన్నాను.

"అవును సార్" అన్నాడు. తువ్వాలు తీసుకుని పరుపు మీద నా చెమట పడినచోట తుడవడం మొదలుపెట్టాడు.