చిన్న మార్పే కదా!

సాఫ్ట్‌వేర్‌కు తుప్పు పట్టదు, చెదలు పట్టవు. మరి ఏటేటా మెయింటెనెన్సు డబ్బులు (ఏఎంసీ) ఎందుకని విజయవాడ వన్‌టౌన్‌లోని మా రెడీమేడ్ బట్టల షాపాయన ప్రతి ఏప్రిల్లోనూ అడుగుతారు. అదీ నాకు టీ తెప్పించాకే అడుగుతారు, మర్యాదస్తులు.

"బీరువా అమ్మినవాడు ఏటా వచ్చి చెయ్యి చాపుతున్నాడా అబ్బాయ్?"

లేదండీ. కానీ బీరువాకి ఎన్ని అరలుండాలో ఢిల్లీలో మీటింగు పెట్టి మార్చరు కదా! నేను బిల్లింగ్ ప్రోగ్రాం రాసినప్పుడు వ్యాట్ ఉండేది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. ఊళ్లో అమ్మితే పన్ను రెండు ముక్కలు, ఖమ్మం పార్టీకి పంపితే ఐజీఎస్టీ. సరే, అది ఎలాగో గట్టెక్కింది.

అసలు కథ చొక్కాది. అప్పట్లో వెయ్యి రూపాయల వరకు 5 శాతం, దాటితే 12. వినడానికి ఎంత సుఖంగా ఉందో చూడండి! 1,050 రూపాయల చొక్కా మీద ఆషాఢం డిస్కౌంటు పది శాతం కొడితే 945కి దిగుతుంది. దాంతోపాటు పన్నూ 5కి దిగాలి. కౌంటర్లో కుర్రాడేమో డిస్కౌంటు మొత్తం బిల్లు అడుగున కొడతాడు. దాన్ని ఒక్కో చొక్కాకీ పంచాలి, పంచాక పన్ను తేల్చాలి, చివర్లో పైసలు సర్దాలి. అవన్నీ సర్దుకుని నడుస్తుంటే, 2025 సెప్టెంబరు 22న ఆ గీత 2,500కి జరిగింది, పైన 18 శాతం అయింది. సరిగ్గా దసరా నవరాత్రులు మొదలైన రోజు! షాపు నిండా జనం.

"ఒక్క నంబరేగా, చిన్న మార్పే కదా?" అని పొద్దున్నే ఫోను. నంబరు ఒక్కటే. అది ప్రోగ్రాంలో ఎన్ని చోట్ల దాక్కుందో వెతకడమే పని. పైగా సెప్టెంబరు 20న అమ్మిన చొక్కా 25న వాపసొస్తే దానికి పాత రేటే వెయ్యాలి.

అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ 10కి సపోర్టు ఆపేశారు. షాపాయన కొత్త కంప్యూటరు కొన్నారు. దాంట్లో పాత డాట్‌మాట్రిక్స్ ప్రింటరు వైరు దూరే చోటే లేదు. ఆ ఫోనూ నాకే. కరెంటు పోయినా తప్పు నా ప్రోగ్రాందే అనుకోండి, అది వేరే సంగతి.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో మ్యానీ లేమన్ అనే పెద్దాయన ఈ మాట 1974లోనే చెప్పాడు: వాడకంలో ఉన్న ప్రోగ్రాంను మారుస్తూనే ఉండాలి, లేకపోతే అది పనికిరాకుండా పోతుందని. షాపాయనకి వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే ఆయనక్కూడా మనం ఏఎంసీ కట్టాలా?" అన్నారు.

ప్రోగ్రాం ధరలో ఏటా 15 నుంచి 20 శాతం ఏఎంసీ అనేది మా వ్యాపారంలో మామూలు లెక్క. ఆయన లెక్కలో అది దసరా మామూలు. కాసిని డబ్బులు, ఒక చొక్కా.

షాపుల ఓనర్లందరికీ మనవి: ప్రోగ్రాం రాయించుకునే రోజే ఏఎంసీ ఎంతో కాగితం మీద పెట్టించండి. చొక్కాలు నా దగ్గర చాలానే ఉన్నాయి.